పత్తి కట్టె మన ఏఐ పిల్లలకు పాఠం కావాలి

తీతలు అయిపోతే పర్చూరు నుంచి ప్రత్తిపాడు దాకా నల్లరేగడి చేలల్లో పత్తి కట్టె తగలబడుతుంది. మిగిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుంటుంది, కట్టె చేలో ఉంచొద్దని వ్యవసాయాధికారులు చెబుతారు. నిజమే. పీకే కూలి, తోలే ట్రాక్టరు బాడుగ ఎవరిస్తారు? రైతు అగ్గిపుల్ల గీస్తాడు. గుంటూరులో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన నాకు ఆ పొగ చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

గాలి తగలకుండా ఆ కట్టెను 500 డిగ్రీల దాకా కాచి, వచ్చే ఆవిరిని జెడ్‌ఎస్‌ఎం-5 అనే జియోలైట్ మీదుగా పంపితే, అందులో కొంత బెంజీన్, టోలుయీన్, జైలీన్‌గా మారుతుంది. జియోలైట్ అంటే సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ అల్లుకున్న జల్లెడ. దీని రంధ్రం దాదాపు 0.55 నానోమీటర్లు. సిలికాన్ ఉండాల్సిన చోట అల్యూమినియం కూర్చుంటే పక్క ఆక్సిజన్ మీదికి ఒక ప్రోటాన్ చేరుతుంది. అసలు పని చేసేది ఆ ప్రోటానే. చిక్కల్లా మసితోనే. కాసేపటికే రంధ్రాలు పూడిపోతాయి. ఏ అణువు ఎక్కడ ఇరుక్కుని బొగ్గవుతోందో బయటినుంచి పట్టుకోవడం మహా కష్టం.

కంప్యూటర్ అక్కరకొచ్చేది ఇక్కడే. అణువుల కదలికను ఎలక్ట్రాన్లతో సహా లెక్కగడితే కొన్ని వందల పరమాణువులకే, అదీ రెప్పపాటులో అతి చిన్న ముక్కకే, రోజులు పడతాయి. 2007లో బేలర్, పారినెల్లో అనే శాస్త్రవేత్తలు చూపిన దారిలో ఆ లెక్కలనే న్యూరల్ నెట్‌వర్కుకు నేర్పితే పని వేల రెట్లు వేగంగా సాగుతోంది. కానీ నేర్పని చోట అది తప్పుతుంది. బంధం సగం తెగి సగం కలిసే ఘడియ శిక్షణలో లేకపోతే, తప్పు విలువను తడుముకోకుండా చెప్పేస్తుంది. దాన్ని పట్టాలంటే ప్రోటాన్ ఎటు దూకుతుందో తెలిసిన మనిషి కావాలి.

ఆ మనిషిని మనం తయారుచేయడం లేదు. మా చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏఐ-ఎంఎల్ సీట్లకు ఎగబడుతున్నారు. ఆ పిల్లలకు కెమిస్ట్రీ మొదటి ఏడాది గట్టెక్కాల్సిన పేపరు మాత్రమే. డిగ్రీలో కెమిస్ట్రీ చదివేవాళ్లకు ప్రోగ్రామింగ్ నేర్పేవారు అరుదు. అమరావతికి క్వాంటమ్ కంప్యూటర్ల కోసం క్వాంటమ్ వ్యాలీ వస్తోంది, సంతోషం. ఈ నెట్‌వర్కు పనికి దాని కోసం ఆగక్కర్లేదు, మంచి గ్రాఫిక్స్ కార్డులున్న ల్యాబ్ ఒకటి చాలు.

జియోలైట్ మనకు కొత్తేమీ కాదు. గుంటూరులో పుట్టిన ఏవీ రామారావు గారు డైరెక్టరుగా ఉన్న 1985-95 కాలంలో హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో జెడ్‌ఎస్‌ఎం-5 మీద పిరిడిన్, పికోలిన్‌ల తయారీకి పరిశోధనలు జరిగాయి. పత్తిలో రసం పీల్చే పురుగులకు మన రైతు కొట్టే ఇమిడాక్లోప్రిడ్‌కు 3-పికోలిన్ ఒక ముడిసరుకు. పురుగుమందు దాకా వచ్చిన కెమిస్ట్రీ కట్టె దాకా ఎందుకు రాకూడదు?

నాగార్జున యూనివర్సిటీ కెమిస్ట్రీ, కంప్యూటర్ సైన్స్ విద్యార్థులను జతకలిపి ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా పత్తి కట్టె కెమిస్ట్రీని నెట్‌వర్కుకు నేర్పే పని ఇవ్వాలి. ఐఐసీటీ తన పాత ప్రయోగాల ఫలితాలు వాళ్ల చేతికివ్వాలి, పనిచేయని ఉత్ప్రేరకాల లెక్కలతో సహా. పత్రికల్లో అచ్చయ్యేవి ఎక్కువగా గెలిచిన ప్రయోగాలే. మసిపట్టి ఆగిపోయినవాటి లెక్కలుంటేనే ఈ నెట్‌వర్కు చెప్పేది ఎంతవరకు నమ్మొచ్చో తేలుతుంది.