కొల్లేరును కుదించింది జనాభా కాదు

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. 1994 నుంచి, అంటే మూడు దశాబ్దాలపాటు అది అమలులో ఉండేది. ‘చిన్న కుటుంబం, చింతలు లేని కుటుంబం’ అని ఊరూరా గోడల మీద రాయించిన ప్రభుత్వమే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటోంది. రద్దు మంచిదే. కన్నబిడ్డల సంఖ్యను బట్టి మనిషి పోటీ చేసే హక్కును తీసేయడం మొదటినుంచీ అన్యాయం. అయితే పాత నినాదం, కొత్త నినాదం రెండూ ఒకే నమ్మకం మీద నిలబడ్డాయి: నేల, నీరు, రేపటి బతుకు అన్నీ తలల లెక్కను బట్టే ఉంటాయని. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో మన జిల్లాల్లోనే చూడవచ్చు.

తిండిని మించి జనం పెరుగుతారని 1798లో రాసిన మాల్థస్, 1805 నుంచి కన్నుమూసేదాకా ఇంగ్లండులోని ఈస్టిండియా కంపెనీ కళాశాలలో ఆచార్యుడు. మన దేశాన్ని ఏలడానికి వచ్చిన ఎందరో కంపెనీ ఉద్యోగులు అక్కడ చదువుకున్నవారే. ఆ కంపెనీ ఏలుబడిలోనే 1832-33లో నందన కరువు గుంటూరు జిల్లాను తుడిచిపెట్టింది. ఐదు లక్షల జనంలో రెండు లక్షల మంది పోయారని అంచనా. పక్కనే కృష్ణ ప్రవహిస్తున్నా, ఆ నీటిని పొలానికి మళ్లించే కట్టడం లేదు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. 2011 జనగణనలో అదే జిల్లా జనాభా 48 లక్షలు దాటింది. హద్దులు మారిన మాట నిజమే కానీ, ఐదు లక్షల మందిని బతికించలేదనుకున్న నేల ఈనాడు బయటి జిల్లాలకూ బియ్యం పంపుతోంది.

ఇది చూసి, జనం పెరిగితే భయమేమీ లేదు, తెలివి దారి చూపుతుందనేవారూ ఉన్నారు. ఒత్తిడి పెరిగినప్పుడే సాగు పద్ధతులు మెరుగుపడతాయని ఆర్థికవేత్త ఎస్తర్ బోజెరప్ 1965లో వాదించారు. మూడేళ్లకు జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ‘జనాభా బాంబు’ అంటూ కోట్లమంది ఆకలిచావులను ఊహించారు. హరిత విప్లవంతో ఆ జోస్యం తప్పింది. ఖనిజాలు కరవై ధరలు పెరుగుతాయా, తగ్గుతాయా అని ఆర్థికవేత్త జూలియన్ సైమన్‌తో 1980లో ఐదు లోహాల మీద కట్టిన పందెంలోనూ పదేళ్లకు ఎర్లిక్ ఓడిపోయారు. సైమన్ గెలుపును నేను కాదనను. కానీ రాగికీ తగరానికీ బజారులో ధర ఉంది. కొరత వస్తే ధర పెరుగుతుంది, మరో దారి వెతుకుతారు. సరస్సుకూ, భూగర్భజలానికీ, కొంగకూ ధర కట్టేవారెవరు?

సంఖ్యకు అసలు విలువే లేదనడమూ తొందరపాటే. 1951లో దేశంలో మనిషికి ఏడాదికి 5,177 ఘనమీటర్ల నీరు అందుబాటులో ఉండేది. 2011కు అది 1,545కు పడిపోయింది. వాన అంతే, మనుషులు మూడింతలకు పైగా పెరిగారు. దీన్ని దాచలేం. కాకపోతే మనం వాడే నీటిలో ఎనభై శాతానికి పైగా సాగుకే పోతోంది. ఉచిత కరెంటుతో బోరు తోడి మెట్టప్రాంతంలో రెండో కారు వరి వేస్తే, ఇంట్లో ఒక బిడ్డ తగ్గినంత మాత్రాన బావిలో నీరు ఊరదు.

కొల్లేరు సంగతే చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సును ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపూ దక్కింది. అప్పటికే చేపల చెరువులు సరస్సులో పెద్ద భాగాన్ని మింగేశాయి. 2006లో ప్రభుత్వం పూనుకుని ఆ చెరువుల గట్లు పేల్చారు. తర్వాత మళ్లీ లేపారు. సరిగ్గా ఈ కాలంలోనే, 1992-93 నుంచి 2005-06 మధ్య, రాష్ట్రంలో సగటు స్త్రీ కనే బిడ్డల సంఖ్య 2.6 నుంచి 1.8కి దిగింది. కాన్పులు తగ్గుతుంటే చెరువులు పెరిగాయి.

గట్టు మీద నిలబడితే విషయం కళ్లకు కడుతుంది. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి నీళ్లలో కడతారు. పట్టిన శీలావతి, బొచ్చె చేపలు ఐసు ముక్కల నడుమ లారీలెక్కి బెంగాల్‌కూ అస్సాంకూ పోతాయి. చుట్టూ నీళ్లే ఉన్నా లంక గ్రామాల్లో తాగడానికి టిన్ను కొనుక్కోవాలి. గట్ల వల్ల వరద, సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు దాకా సాఫీగా సాగదు. లంకల్లో పుట్టిన పిల్లలు ఎక్కువై ఈ సరస్సు చిన్నబోలేదు. పెట్టుబడి, లీజు, దూరపు గిరాకీ, కళ్లు మూసుకున్న అధికారం కలిసి చేసిన పని ఇది.

ప్రపంచ స్థాయిలోనూ అంతే, భారం తలల లెక్కను బట్టి కాదు, వాడకాన్ని బట్టి. భారతీయుడి సగటు కార్బన్ ఉద్గారం ఏడాదికి రెండు టన్నులు, అమెరికా పౌరుడిది పద్నాలుగు.

ఇక ఈ లెక్కల భారం మోసిందెవరు? ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన స్త్రీలలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశంలో ఇదే అత్యధికం. మగవారిలో ఆ సంఖ్య ఒక్క శాతం కూడా లేదు. పాతికేళ్లు నిండకముందే పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అన్నీ ముగిసిన తల్లులు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ కోత మీదే రాష్ట్ర సంతాన రేటు 1.7కు చేరింది. ఇప్పుడు వాళ్ల కూతుళ్లను ముగ్గురిని కనమని అడుగుతున్నారు.

జనాభాను బట్టి జరిగే నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాది సీట్లు తగ్గుతాయన్న భయం న్యాయమైనదే. వృద్ధులు పెరుగుతారన్న ఆందోళనా నిజమే. మొదటిదానికి పార్లమెంటులో పోరాడాలి, రెండోదానికి పింఛనూ వైద్యమూ సిద్ధం చేయాలి. ఈ రెండింటి పరిష్కారాన్నీ ఆడవాళ్ల కడుపు మీద పెట్టడం న్యాయం కాదు.

ముఖ్యమంత్రికీ శాసనసభ్యులకూ ఒక్కటే విన్నపం. మూడో బిడ్డకు ప్రోత్సాహకం గురించి మాట్లాడే ముందు ఐదో కాంటూరు లోపలి అక్రమ గట్లు తీయించండి. మెట్ట పొలంలో వరి మానిన రైతుకు కందికీ జొన్నకూ గిట్టుబాటు ధర ఇవ్వండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తాత్కాలిక పద్ధతులూ, మగవారి ఆపరేషనూ మాటవరసకు కాకుండా నిజంగా అందేలా చూడండి. ఎందరిని కనాలో, అసలు కనాలో వద్దో ఆ స్త్రీకి వదిలేయండి.