ఏ ఆసుపత్రి? ఎవరి నిర్ణయం?

తలసీమియా పిల్లలకు రక్త మూలకణాల మార్పిడి, అంటే వాడుకలో మూలుగ మార్పిడి, చేయించే కుటుంబాలు ఆసుపత్రిని ఎలా ఎంచుకుంటున్నాయో కొంతకాలంగా గమనిస్తున్నాను. ఎంతవుతుంది? నూటికి ఎందరు బతుకుతున్నారు? ఈ రెండు ప్రశ్నలతోనే నిర్ణయం అయిపోతోంది. అడిగేది తండ్రి, మేనమామ. నెలల తరబడి అక్కడ ఉండేది తల్లి.

నూటికి ఎందరన్నది కూడా సరిగా అడగాలి. ఇదే జబ్బుకి, ఇదే రకం దాతతో నిరుడు ఇక్కడ ఎన్ని చేశారు? ఏడాది తర్వాత ఎందరున్నారు? దాత కణాలు రోగి శరీరం మీద తిరగబడితే చూసే నిపుణులున్నారా? వెల్లూరు సి.ఎం.సి.లో 1986 నుంచి ఈ చికిత్స జరుగుతోంది. పేరు గొప్పదే. కానీ ఎక్కడ చేయించినా ఆ తర్వాత దాదాపు 100 రోజులు ఆసుపత్రికి దగ్గరలోనే ఉండాలి. గది అద్దె, పోయిన కూలి, ఇంటి దగ్గర మిగిలిన పిల్లలు! కోల్ ఇండియా డబ్బుతో 2017లో మొదలైన తలసీమియా బాల సేవా యోజన కింద, ఎంపికచేసిన ఆసుపత్రులలో ఒక్కో రోగికి 10 లక్షల దాకా సాయం అందుతుంది. తల్లి శ్రమకు మాత్రం ఏ అంచనాలోనూ పద్దు లేదు.

తోబుట్టువు కణాలు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. సరిపోయింది ఎనిమిదేళ్ల చెల్లెలివైతే, ఆ పిల్లనెవరు అడుగుతారు? రోగిని చూసే వైద్యుడు కాక, దాత తరఫున మాట్లాడే వైద్యుడు వేరే ఉండాలి. రోగి ఆడపిల్లయితే, మార్పిడికి ముందు ఇచ్చే తీవ్రమైన మందులకు అండాశయాలు దెబ్బతినవచ్చనీ, ఆ కణజాలాన్ని ముందే తీసి భద్రపరిచే వీలుందనీ ఆమెకూ తల్లికీ చెప్పాలి. "ముందు బతకనివ్వండమ్మా" అని కసురుకుంటే (ఇది నేను విన్న మాటే), వీలున్నంతలో మరో ఆసుపత్రిలో కూడా అడిగి చూడమనే చెబుతాను.