మన్సూబా వేసేటప్పుడు పిల్లనూ పిలవండి

ఉర్దూ మీడియంలో చదివిన మా తరానికి 'మన్సూబా' అనగానే పంజ్ సాలా మన్సూబా యాదికొస్తుంది. పంచవర్ష ప్రణాళిక అన్నమాట. ఢిల్లీలో సర్కారు వేసేది, మనం పరీక్షలో రాసేది.

ఈ లఫ్జ్‌కు ఇంకో పాత మానీ ఉంది. శత్రంజ్ బల్ల మీద పావులను ఒక తీరుగా పేర్చి, ఇక్కడి నుంచి గెలుపు ఎట్లా అని అడిగే చిక్కు ప్రశ్నను అరబ్బులు మన్సూబా అన్నారు. 'నసబ' అంటే నిలబెట్టడం. మన్సబ్, జకాత్‌కు చూసే నిసాబ్ కూడా ఆ మూలం నుంచి వచ్చినవే. తొమ్మిదో శతాబ్దంలో అల్-అద్లీ, పదో శతాబ్దంలో అస్-సూలీ ఇందులో ఉస్తాద్‌లు. అస్-సూలీ పెట్టిన ఒక చిక్కుకు జవాబు తేలడానికి దాదాపు వెయ్యేళ్లు పట్టింది.

అన్నింటిలోకీ మషూర్ దిలారామ్ మన్సూబా. కిస్సా ఇది: ఒక అమీర్ జూదంలో అంతా ఓడి, ఆఖరికి బీవీ దిలారామ్‌ను పందెం పెట్టాడు. ఆ ఆట కూడా పోయేట్టుంది. అప్పుడామె, రెండు రుఖ్‌లు పోతే పోనీ, నన్ను పోగొట్టుకోవద్దని అరిచింది. అతను రుఖ్‌లు రెండూ వదిలేశాడు. అవతలి షాహ్‌కు మాత్ పడింది.

జూదం హరామ్, అందులో ఇఖ్తిలాఫ్ లేదు. ఈ కిస్సాను చాలామంది ఖుర్బానీ గొప్పతనానికి చెప్తారు. నాకు మాత్రం ఇంకోటి కనపడుతుంది. పందెం కాసినవాడి కన్నా పందెంలో ఉన్న మనిషే బల్లను బాగా చదివింది.

మా వల్లూరులోనైనా, ప్రొద్దుటూరులోనైనా పిల్ల ఇంటర్ అయిపోగానే ఇంట్లో మన్సూబా మొదలవుతుంది. పొలం, బంగారం, గల్ఫ్ నుంచి భాయ్ పంపే డబ్బు, వచ్చిన రిష్తా, అన్నీ లెక్కకొస్తాయి. పిల్ల మాత్రం చాయ్ ఇచ్చి లోపలికి పోతుంది. పెద్దలకు తజుర్బా ఉంది, ఒప్పుకుంటా. కానీ ఆ కాలేజీలో చదవాల్సింది, ఆ ఇంట్లో బతకాల్సింది ఆమే కదా!

పిల్ల ఇజాజత్ లేనిదే నికాహ్ లేదు. మరి ఆ ఇజాజత్‌ను ఖాజీ సాబ్ వచ్చిన రోజు దాకా ఎందుకు ఆపాలి? అప్పటికి హాలు మాట్లాడేశారు, దావత్ కార్డులు పంచేశారు. ఆమె 'వద్దు' అనడానికి జాగా ఎక్కడుంది?

మన్సూబాలో దాచిన పావు ఉండదు, బల్ల మీద ఉన్నదంతా అందరికీ కనపడుతుంది. అప్పు ఎంత, పొదుపు ఎంత, ఫీజు ఎంత, రిష్తా ఎట్లాంటిది, అన్నీ మొదటి రోజే ఆమె ముందు పెట్టండి. ఆమె రాయ్ మీకు నచ్చకపోవచ్చు. ముందు కూర్చోబెట్టి అడగండి.