తలుపు తట్టవచ్చునా?

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో అడుగిడిన విద్యార్థికి పాఠ్యాంశాలకన్నా ముందుగా ఒక ప్రశ్న ఎదురవుతుంది. మిక్కిలి పోటీ గల విద్యాసంస్థకు దరఖాస్తు చేయాలా, వద్దా? విద్యార్థి నోరు విప్పకముందే బంధువులు, ఇరుగుపొరుగువారు, కళాశాల యాజమాన్యాలు దీనికి సమాధానం చెప్పివేయడం తెలుగునాట పరిపాటి అయింది. నగరంలోని కార్పొరేట్ కళాశాలలో చదివే పిల్లవానికి 'తప్పక రాయాలి' అన్న ఆజ్ఞ లభిస్తుంది. మండల కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చదివే పిల్లకు 'మనకెందుకమ్మా అవన్నీ' అన్న సానుభూతి లభిస్తుంది. ఆజ్ఞ అయినా, సానుభూతి అయినా విద్యార్థి స్వయంగా ఆలోచించుకొనే అవకాశాన్ని హరించి వేస్తున్నాయనే చెప్పాలి.

ఐ.ఐ.టి.లనే ఉదాహరణగా తీసుకొందాం. 1951లో ఖరగ్‌పూర్‌లో మొదటి సంస్థ వెలసింది. 1961 నాటికి బొంబాయి, మద్రాసు, కాన్పూరు, ఢిల్లీ సంస్థలతో కలిసి వాటి సంఖ్య ఐదుకు చేరింది. హైదరాబాదు ఐ.ఐ.టి. 2008లోను, తిరుపతి ఐ.ఐ.టి. 2015లోను ప్రారంభమయ్యాయి. నేడు దేశంలో 23 ఐ.ఐ.టి.లున్నాయి. 2025లో జె.ఇ.ఇ. మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైబడి ఉండగా, వారిలో తొలి రెండున్నర లక్షల మందికి అడ్వాన్స్‌డ్ పరీక్ష రాసే అర్హత లభించింది. ఆ పరీక్షకు హాజరైనవారు 1,80,422 మంది, ఉత్తీర్ణులైనవారు 54,378 మంది. సీట్లు మాత్రం సుమారు 18 వేలు. అనగా ఉత్తీర్ణులైన ముగ్గురిలో ఇద్దరికి సీటు లేదు. కావున సీటు రానివారందరూ తెలివి లేనివారన్న తీర్పు అన్యాయం. ఈ లెక్కలు సీట్ల కొరతను తెలుపుతాయే గాని, ఒక విద్యార్థి శక్తిని కొలవవు.

ఇక్కడ రెండు వేర్వేరు నిర్ణయాలను లోకం కలగాపులగం చేస్తున్నది. దరఖాస్తు చేయడం ఒకటి. ఆ సీటు కొరకు బాల్యాన్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పణంగా ఒడ్డడం మరొకటి. మొదటిదానికి అయ్యే వ్యయం పరిమితం. 2025లో అడ్వాన్స్‌డ్ పరీక్ష రుసుము 3,200 రూపాయలు. బాలికలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, దివ్యాంగులకు అందులో సగం. మూడేసి గంటల రెండు ప్రశ్నపత్రాలు, ఒక్క రోజు శ్రమ. రెండవదాని వ్యయం లెక్కకు అందనిది. ఆరవ తరగతి నుండే 'ఫౌండేషన్' పేరిట పసివారిని హాస్టళ్లకు అప్పగించడం, పొలం అమ్మి ఫీజులు కట్టడం, ఆటపాటలను నేరాలుగా భావించడం ఆ కోవలోనివే. ద్వితీయ భాషను కూడ అభిరుచిని బట్టి గాక మార్కులను బట్టి ఎంచుకోవడం, తెలుగు పిల్లలు తెలుగును వదలి నాలుగు శబ్దాలు వల్లె వేసి సంస్కృతంలో మార్కులు గడించడం ఈ పరుగులో భాగమే. ఆ మార్కులు సంస్కృతానికి కూడ మేలు చేసినవి కావు!

మొదటి నిర్ణయం విషయంలో సంకోచం అనవసరం. ఆదిపర్వంలోని ద్రౌపదీ స్వయంవర ఘట్టం ఇక్కడ స్మరింపదగినది. రాజులందరూ విఫలులై కూర్చున్న వేళ, బ్రాహ్మణవేషంలో ఉన్న అర్జునుడు ప్రేక్షకుల నడుమ నుండి లేచాడు. చుట్టూ ఉన్న బ్రాహ్మణులలో కొందరు ఇతని మూలంగా తామందరూ నవ్వులపాలవుతామని వారింపజూచారు. మరికొందరు వెళ్లనిమ్మన్నారు. అతడు లేచింది బాణం వేయగలనన్న ఎరుకతోనే; సాధన లేనివారికి ఈ కథ ఆసరా కాజాలదు. అయితే అతని సాధన ఎంతటిదో వారించినవారికి తెలియదు. నేడు 'మనకెందుకు' అనేవారికి కూడ ఎదుటనున్న పిల్ల సాధన ఎంతటిదో తెలియదు.

వెనుకంజ వేయడానికి పేదరికం ఒక కారణం. కాని 2016 నుండి అమలులో ఉన్న విధానం ప్రకారం షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, దివ్యాంగులకు, లక్ష రూపాయలలోపు వార్షికాదాయం గల కుటుంబాల పిల్లలకు ఐ.ఐ.టి.లలో బోధన రుసుము పూర్తిగా మినహాయింపబడింది. లక్ష నుండి ఐదు లక్షల వరకు ఆదాయం గలవారు మూడింట ఒక వంతు చెల్లిస్తే చాలు. ఈ సంగతి తెలియకనే ఆగిపోయేవారు ఎందరో! 2024లో ధన్‌బాద్ ఐ.ఐ.టి.లో సీటు వచ్చిన ఒక దినకూలీ కుమారుడు 17,500 రూపాయలు గడువులోగా కట్టలేక సీటు కోల్పోగా, సుప్రీంకోర్టు ఆ సెప్టెంబరులో జోక్యం చేసుకొని అతనిని చేర్చుకొమ్మని ఆదేశించింది. సీటు వచ్చిన తరువాత కూడ పేదవానికి అవరోధాలుంటాయని ఈ ఉదంతం తెలుపుతున్నది. దరఖాస్తుతో పాటే ధ్రువపత్రాలను, తొలి విడత సొమ్మును సమకూర్చుకోవాలని కూడ తెలుపుతున్నది.

బాలికల విషయంలో దూరభయం మరొక కారణం. వారి కొరకు 2018 నుండి అదనపు సీట్లు కల్పింపబడ్డాయి. సంగారెడ్డి సమీపంలోని కందికి, తిరుపతి సమీపంలోని ఏర్పేడుకు తెలుగు జిల్లాల నుండి వెళ్లడం నేడు కష్టమేమీ కాదు. మూడవది భాష. మెయిన్ పరీక్షను 2021 నుండి తెలుగులో రాయవచ్చు. అడ్వాన్స్‌డ్ ప్రశ్నపత్రం మాత్రం ఆంగ్లంలోను, హిందీలోను మాత్రమే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇది న్యాయం కాదు. ఆ న్యాయం జరిగేవరకు భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల పారిభాషిక పదాలను రెండు భాషలలోను అభ్యసించక తప్పదు.

దరఖాస్తు చేయకపోవడం సబబైన సందర్భం కూడ ఉన్నది. ఆ చదువుపై విద్యార్థికి ఇష్టం లేనప్పుడు పెద్దల పరువు కొరకు పరీక్ష రాయించడం తగదు. చరిత్రపైనో, భాషలపైనో మక్కువ గలవారికి హైదరాబాదు విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఇంటర్ తరువాత ఐదేళ్ల సమీకృత కోర్సులున్నాయి. ఆ పోటీకి కూడ ఇంతటి గౌరవం దక్కాలి.

అడ్వాన్స్‌డ్ పరీక్షను వరుసగా రెండు సంవత్సరాలలో రెండు మారులు మాత్రమే రాయవచ్చునన్నది నియమం. ఈ కారణంగా 'లాంగ్ టర్మ్' శిక్షణ అనే మూడవ నిర్ణయం ప్రతి ఇంటా తలెత్తుతుంది. ఫలితాలు వెలువడిన రోజున, నిరాశలోనో ఆగ్రహంలోనో తీసుకోదగిన నిర్ణయం కాదది. స్వయంవరంలో ఓడిన రాజులు అవమానంతో ద్రుపదునిపై కత్తులు దూశారు. నేటి ఇళ్లలో ఆ కత్తి పిల్లలవైపు తిరుగుతున్నది. కనుక సీటు రాకపోతే మరో ఏడాది వెచ్చించాలా, వచ్చిన కళాశాలలో చేరాలా అన్నది తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కూర్చుండి దరఖాస్తు నింపే నాడే తేల్చుకోవాలి. ఆ మాటలో పిల్లల మాటకు సగం బరువైనా ఉండాలి.