సీమకు ఎండ క్రొత్తయా?

“సీమవారికి ఎండ క్రొత్తయా?” అని మన పట్టణములలోని పెద్దమనుష్యులు కొందఱు చమత్కరించుచున్నారు. క్రొత్త కాదు. కర్నూలు, నంద్యాల, కడప పట్టణములు ఎండలకు పేరుమోసినవే. కాని పెద్దలు ఓర్చుకొన్న యెండను పసిబిడ్డయు ఓర్చుకొనుననుట యే శాస్త్రమున నున్నదో మాకు తెలియదు.

ఎండయు వెనుకటి యెండ కాదు. 1901 మొదలు 2018 వఱకు భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని మన ప్రభుత్వ శాస్త్రజ్ఞులే 2020లో ప్రకటించిరి. బొగ్గును చమురును మండించి ఐశ్వర్యమార్జించిన దేశములు వేఱు, ఆ వేడి ననుభవించు బిడ్డలు వేఱు. కర్నూలు జిల్లా కోసిగిలోని కూలివాని బిడ్డ యే బొగ్గును కాల్చెను?

పసివాని దేహము బరువునుబట్టి చూడ చర్మవైశాల్యము హెచ్చుగా గలది. కావున బయటి వేడి వేగముగా లోనికి పోవును. దేహమును చల్లబఱచు చెమట వానికి తక్కువ. దాహమైనదని చెప్పలేడు, చెప్పినను కడవ నందుకొనలేడు. దీనికితోడు విరేచనములు పట్టినచో ఒక్క పూటలో వడలిపోవును. నిలువ నీటిలో, నిలువ యన్నములో క్రిములు వేసవియందే త్వరగా పెరుగును. గర్భిణి యెండలో కూలిపని చేసినచో నెలలు నిండక కానుపగుటయు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టుటయు హెచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున ఆఱు నెలలు మొదలు ఐదేండ్లలోపు బిడ్డలలో నూటికి 63 మంది రక్తహీనులు. ఇట్టి దేహములపై 44 డిగ్రీల యెండ పడుచున్నది.

మన పెద్దలు ఎండ నెఱుగుదురు గనుకనే చవుడు మిద్దెలు కట్టిరి. మందమైన గోడలు, పైని దట్టముగా పఱచిన చవుడు మన్ను. మిట్టమధ్యాహ్నము లోన నడుగిడినను ప్రాణము కుదుటపడెడిది. ఆ మిద్దెలు కూలుచున్నవి. వానికి మాఱుగా సిమెంటు కప్పులు, రేకుల కొట్టములు లేచినవి. రేకు పగలెల్ల కాగును. సిమెంటు రాత్రియెల్ల ఆ వేడిని క్రిందికి విడుచును. వేసవిలో ఒంటిపూట బడులు పెట్టుట మంచిదే. కాని ఇంటికి పోయిన బిడ్డ పండుకొనునది ఆ రేకుల క్రిందనే కదా!

ఇక నీరు. వానలు తప్పిన యేండ్ల చెఱువులెండును, బోర్లు లోతునకు పోవును. ఆ లోతునీటిలో పలుతావుల ఫ్లోరైడు హెచ్చు. అది త్రాగి పెరిగిన బిడ్డల పండ్లు గారపట్టును, ఎముకలు వంగును. భారతదేశమున ఈ వ్యాధిని 1937లో మొట్టమొదట వెల్లడించినది మన పొరుగున నున్న నాటి నెల్లూరు మండలమునుండియే. వాన వచ్చినను సుఖము లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచెను. 2021 నవంబరులో చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలు పాడైనవి.

పంట పోయినపుడు కోసిగి, ఆదోని ప్రాంతముల కూలీలు మిరపకోతకై గుంటూరువైపు తరలిపోవుదురు. బిడ్డలును వెంటపోవుదురు. చేనిగట్టున గుడారము క్రింద కాపురము. ఆ బిడ్డకు టీకా యే యూర వేయుదురు? గ్రుడ్డు, పాలు ఇచ్చు అంగన్వాడీ యే యూర నున్నది?

1876-78 సంవత్సరముల కరవున మన జిల్లాలు మాడిపోయినవి. 1877లో సర్ రిచర్డు టెంపుల్ కరవుపని చేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని నిర్ణయించెను. వారు పరులు, నిందించి యూరకుండవచ్చును. నేడు పాలించువారు మన వోటుతో వచ్చినవారు.

గని, శకునాల గ్రామముల చెంత మన యెండతోనే వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రమును నెలకొల్పిరి. అందులో అంగన్వాడీ గదికొక్క పంకా తిరుగునంత విద్యుత్తు రాగూడదా? 2015 వేసవిలో ఆంధ్రప్రదేశమున వెయ్యిమందికి పైగా వడదెబ్బకు మరణించిరని ప్రభుత్వమే యొప్పుకొన్నది. ఇట్టి లెక్కలలో ఐదేండ్లలోపు బిడ్డలను వేఱుగ చూపవలెను. విరేచనములని వ్రాసిన మరణములలో ఎండ పాలెంతయో విచారింపవలెను. ప్రతి బడికిని ఫ్లోరైడు లేని నీరు చేర్పవలెను. మార్చి నెల రాకమునుపే బడుల కప్పులకు తెల్లసున్నము పూయింపవలెను. సున్నమునకు పెద్ద ధనమక్కఱలేదు. మన పఠనమందిరముల సభ్యులు పదిమంది కలసి ఒక్కమాఱు మునిసిపల్ కార్యాలయమునకో, పంచాయతీకో పోయి తీర్మానము చేయింపవచ్చును. ఎండకు జంకువారు ప్రొద్దుటిపూటనే పోవచ్చును.