ఆ ఏడాది ఖాళీ కాదు

అబద్ధాలు రాసి బతికేదాన్ని నేను. ఇరవై ఏళ్ళుగా నవలలు రాస్తున్నాను. లేని ఊళ్ళు కట్టాను, లేని అత్తగార్లని పుట్టించాను, ఏ పాపమూ ఎరగని ఒకరిద్దరు మొగుళ్ళని సీరియల్ త్వరగా ముగించాలన్నారని నిర్దాక్షిణ్యంగా చంపేశాను. అలాంటిదాన్ని అబద్ధం గురించి నీతులు చెప్పబోతే మీకు నవ్వు రావడం సహజం. నవ్వండి. నవ్వాక మాత్రం కాస్త వినండి.

2024 వేసవిలో ఒక ఆదివారం మా బావగారు ఫోను చేశారు. "ఏమ్మా, నీతో చిన్న పని పడింది. రచయిత్రివి కదా, ఓ ఏడాదికి సరిపడా కథ అల్లిపెట్టాలి," అన్నారు.

ఏదైనా పత్రికవాళ్ళు ఆయన ద్వారా అడిగించారేమో అనుకుని పొంగిపోయాను. చెప్పొద్దూ, మావాళ్ళెవరూ నా రాతలు చదివిన పాపాన పోలేదు. తీరా వెళితే సంగతి వేరు. మా అక్క కూతురు చిన్ని హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తోంది. ఆ కంపెనీ దాన్ని అమెరికా పంపుతానంది. హెచ్-1బి వీసాకి దాని పేరు లాటరీలో వచ్చింది. ఏటా 65 వేల వీసాలు, అక్కడ పై చదువు చదివినవాళ్ళకి మరో 20 వేలు. వాటికోసం లక్షలమంది ఎదురుచూస్తుంటే మా పిల్ల పేరు తగిలిందంటే, మా అక్క చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణాలు చేసి వచ్చిందంటే, ఆశ్చర్యం లేదు. పని అయ్యాక చెయ్యవలసిన నూట ఎనిమిదికి మోకాళ్ళు సహకరిస్తాయో లేదోనని అప్పుడే బెంగపెట్టుకుంది కూడా.

ఇక మిగిలింది కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. ఒకప్పుడు దీనికోసం మనవాళ్ళు మద్రాసు రైలెక్కేవారు. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ పెట్టాక ఆ ప్రయాణం తప్పింది. 2023లో అది నానక్‌రామ్‌గూడ కొత్త భవనానికి మారింది. దూరం తగ్గింది గాని భయం ఒక్క అంగుళం కూడా తగ్గలేదు.

ఆ భయం మీద బతికే ఒక పెద్దమనిషిని అమీర్‌పేటలో పట్టుకొచ్చారు మా బావగారు. ఆయన వీసా ఇంటర్వ్యూలకి తర్ఫీదు ఇస్తాట్ట. ఆకుపచ్చ చీర మంచిదా చుడీదార్ మంచిదా అన్న దగ్గర్నుంచి, అధికారి నవ్వితే మనం ఎన్ని పళ్ళు కనబడేలా నవ్వాలి అన్నదాకా అన్నీ నేర్పుతాడు. ఇంతవరకూ నాకూ సరదాగానే ఉంది. పెళ్ళిచూపులకి మనల్ని తయారు చెయ్యలేదూ, అలాగే అనుకున్నాను.

ఆయన చిన్ని కాగితాలన్నీ తిరగేసి, ఒక చోట వేలు పెట్టి, పాము కనబడ్డట్టు వెనక్కి జరిగాట్ట. "ఇక్కడ ఏడాది గ్యాప్ ఉంది!"

ఉంది. 2021 జులైలో మా అక్కకి రొమ్ము కాన్సర్ అన్నారు. అప్పటికి చిన్ని మూడేళ్ళుగా ఉద్యోగం చేస్తోంది. బావగారికి గుండె జబ్బు. కొడుకు పుణేలో ఉన్నాడు. ఆపరేషను, కీమో, రేడియేషను, మధ్యలో కరోనా భయం. ఎవరో ఒకరు పక్కనుండాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరూ పైకి అడగలేదు. అడగకుండానే జవాబు తెలిసిపోయింది. చిన్ని రాజీనామా ఇచ్చింది. వాంతుల బేసిన్లు ఎత్తింది, రాలిన జుట్టు ఏరింది, తెల్లకణాల లెక్క పుస్తకంలో రాసుకుంది, అర్ధరాత్రి జ్వరమొస్తే ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ లేచి నడిచాక, 2022 ఆగస్టులో ఇప్పటి కంపెనీలో చేరింది.

ఇదీ ఆ గ్యాప్.

దీనికి అమీర్‌పేట వైద్యుడి మందు ఏమిటంటే ముప్ఫై వేల రూపాయలు. ఆ డబ్బుకి ఒక కంపెనీ అనుభవపత్రం వస్తుంది. ఆ కంపెనీకి బోర్డు ఉంది, లెటర్‌హెడ్డు ఉంది. ఫోను చేస్తే "అవునండీ, ఆ అమ్మాయి మా దగ్గరే చేసింది" అనడానికి ఒక గొంతు ఉంది. పని ఒక్కటే లేదు. అక్కడ ఆ ఏడాది చిన్ని ఏం పని చేసిందో, ఎవరి కింద చేసిందో, ఎందుకు మానేసిందో అడిగితే తడుముకోకుండా చెప్పాలి కనుక దానికో కథ కావాలి. ఆ కథ రాసే పుణ్యం నాకు దక్కింది.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకుంటాను. వెంటనే కాదనలేదు. పిల్ల భవిష్యత్తు అన్నారు, అందరూ చేస్తున్నదే అన్నారు, నేను కాగితం కలం తీసుకుని కూచున్నాను. ఒక పేజీ రాశాను కూడా. బాగానే వచ్చింది. ఒక కోపిష్టి మేనేజరు, ఒక స్నేహితురాలు, ఆఫీసు కింద ఇరానీ చాయ్ కొట్టు. అది చదివి వినిపిస్తుంటే మా అక్క వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. అంతా విని, "అయితే ఆ ఏడాది అది నా దగ్గర లేనట్టేనా?" అంది.

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగింది. నేను ఆ కాగితం మడిచి పెట్టేశాను. అప్పట్నుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఈ వ్యాసం ఆ మంటే.

ఖాళీ అన్నారే, ఎవరికి ఖాళీ? ఆ ఏడాది చిన్ని చేసినంత పని అది జీతం తీసుకున్న ఏ ఏడాదీ చెయ్యలేదు. నర్సుని పెట్టుకుంటే అది ఉద్యోగం, ఆ నర్సు రెజ్యూమేలో అది అనుభవం. అదే పని కూతురు చేస్తే అది గ్యాప్. డబ్బు చేతులు మారకపోతే పని పని కాదన్నమాట! వాళ్ళన్నయ్య రెజ్యూమే కూడా చూశాను. ఒక్క నెల ఖాళీ లేదు, ముచ్చటగా ఉంది. ఎందుకు లేదంటే చెల్లెలి రెజ్యూమేలో ఉంది కనుక. వాడు చెడ్డవాడు కాడు, డబ్బు పంపాడు, వారానికి మూడుసార్లు ఫోను చేశాడు. కాని వాడి వరసలో చిల్లు పడకుండా పడ్డ మాసిక మా చిన్నిదే. ఇప్పుడా మాసికని కూడా కనబడకుండా దాచమంటున్నారు.

సరే, ఇది ఆవేశం అంటారు. "అమ్మా, నీ ఆవేశానికి వీసా రాదు" అన్నారు మా బావగారు. నేను ఉత్త బి.ఏ.ని, ఆ చట్టాలూ అవీ తెలియవు. తెలియనప్పుడు తెలుసుకోవాలి కదా. చిన్నీ నేనూ రెండు రాత్రులు కూచుని, ఆ ప్రభుత్వంవారే పెట్టిన నిబంధనలు చదివాం. చదివితే తేలిందేమిటో మీరూ వినండి, మీ ఇళ్ళల్లోనూ పిల్లలున్నారు.

హెచ్-1బి వీసాకి చట్టం అడిగేది, ఆ ఉద్యోగానికి ఫలానా రంగంలో డిగ్రీ అవసరమా, ఈ మనిషికి ఆ డిగ్రీ ఉందా, ఇస్తామన్న జీతం అక్కడి రేటుకి తగ్గకుండా ఉందా అని. చిన్ని నాలుగేళ్ళ బి.టెక్. చదివింది. మధ్యలో ఏడాది ఇంట్లో ఉన్నంతమాత్రాన అర్హత పోదు. డీఎస్-160 అనే దరఖాస్తులో గత ఐదేళ్ళ ఉద్యోగాలు రాయమంటారు. చేసినవి రాయాలి, చెయ్యనివి రాయకూడదు, అంతే. అదే దరఖాస్తు నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని కూడా అడుగుతుంది. ఎవరు నింపినా చివర సంతకం దరఖాస్తుదారుదే. అమీర్‌పేట పెద్దమనిషిది కాదు.

అబద్ధం పట్టుబడితే? ముఖ్యమైన విషయంలో తెలిసి తెలిసి అబద్ధమాడి వీసా సంపాదించబోయినవాళ్ళు జీవితాంతం ఆ దేశం గడప తొక్కడానికి అనర్హులవుతారు. మినహాయింపు కోసం విడిగా అర్జీలు పెట్టుకోవాలి, అదీ వాళ్ళ దయ. మోసాలు పట్టుకోవడానికి కాన్సులేట్లలో ఒక విభాగమే ఉంది. ఇదంతా పట్టుబడిన రోజునే రావాలని లేదు. పదేళ్ళ తర్వాత, గ్రీన్‌కార్డు నాడు, పిల్లలు అక్కడ బడికి వెళుతున్న నాడు కూడా ఆ కాగితం లేచి కూచోవచ్చు. అంటే ఏమన్నమాట? లేని జబ్బుకి ముప్ఫై వేలు పోసి మందు కొని, ఆ మందుతో నిజం జబ్బు తెచ్చుకోవడం.

ఇంకో సంగతి. "తిరిగొచ్చేస్తాను, తప్పకుండా తిరిగొచ్చేస్తాను" అని పిల్లలచేత చిలకపలుకులు పలికిస్తారు. అది టూరిస్టు వీసాకి, చదువుల వీసాకి కావలసిన మాట. హెచ్-1బి వాళ్ళకి చట్టంలోనే ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. తర్ఫీదు ఇచ్చేవాళ్ళకి ఇది తెలియదా? తెలిస్తే ఎందుకు చెప్పరు? తెలియకపోతే ఫీజెందుకు? భయపడ్డవాళ్ళు ఎక్కువ ఇస్తారు. అందుకని ముందు భయం అమ్ముతారు, తర్వాత ధైర్యం అమ్ముతారు.

"నిజం చెప్పినా వీసా రాకపోతే?" అని మీరు అడగవచ్చు. రాకపోవచ్చు. నిజం చెప్పినవాళ్ళందరికీ వీసాలొస్తాయని నేను హామీ ఇవ్వను. ఒక రంగు కాగితం చేతిలో పెట్టి నెలల తరబడి ఆపేసినవాళ్ళని నేనెరుగుదును. పైగా ఆ తర్వాత దారి మరీ ఇరుకైంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చింది. అదే ఏడాది డిసెంబరు నుంచి ఈ వీసావాళ్ళ సోషల్ మీడియా ఖాతాలు కూడా తెరిచి చూడడం మొదలైంది. దారి ఇరుకైనకొద్దీ అబద్ధం బేరం పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. నిజం చెప్పి రాకపోతే పోయేది ఒక ప్రయాణం. అబద్ధం చెప్పి రాకపోతే పోయేది పేరు.

మరైతే ప్రిపేర్ కావద్దా అంటే, కావాలి. మేమూ అయ్యాం. కంపెనీ వేసిన పిటిషను చిన్నిచేత మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివించాను. తన కాగితాలు తాను చదవకుండా వెళ్ళే పిల్లలే ఎక్కువట! ఏ ఊళ్ళో పని, ఏం పని, ఎంత జీతం, ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. సాంకేతికం తెలియని నాలాంటిదానికి కూడా అర్థమయ్యేలా నాలుగు వాక్యాల్లో తన పని చెప్పమన్నాను. నాకు అర్థమయ్యేదాకా ఒప్పుకోలేదు. మూడు రోజులు పట్టింది, తప్పు దానిదో నాదో చెప్పలేను. అనుమతి పత్రం, డిగ్రీ, జీతం చీటీలు వరసగా సర్దుకుంది. ఇంతకు మించిన తర్ఫీదు ఏమీ లేదు. ముప్ఫై వేలు మిగిలాయి.

ఇంటర్వ్యూ సెప్టెంబరులో జరిగింది. పొద్దున్నే వెళ్ళి ఎండలో గంటసేపు నిలబడితే, అద్దం ముందు నిలబడింది మూడు నిమిషాలు. అవతల ఉన్నావిడ కంపెనీ అడిగింది, పని అడిగింది, ఊరు అడిగింది. తర్వాత తెర చూస్తూ, "2021లో ఏడాదిపాటు ఉద్యోగం లేదేం?" అంది.

"మా అమ్మకి కాన్సర్. దగ్గరుండి చూసుకున్నాను," అంది మా చిన్ని.

ఆవిడ ఏదో టైపు చేసుకుని జీతం ఎంతో అడిగింది. అంతే! అయ్యో అనలేదు, శెభాష్ అనలేదు. అడిగిందానికి జవాబు వచ్చింది, ముందుకి పోయింది. మా బావగారు రెండు నెలలు నిద్ర మానుకున్న ప్రశ్న అంత మామూలుగా వెళ్ళిపోయింది. వీసా వచ్చింది. రాకపోయినా ఈ వ్యాసం రాసేదాన్నే. కాకపోతే మా బావగారు నాతో మాట్లాడి ఉండేవారు కాదు.

మా అక్క నూట ఎనిమిది ప్రదక్షిణాలూ చేసింది. నేను ఇరవై దగ్గరే అరుగు మీద కూలబడ్డాను.

అమ్మలూ, నాదొక విన్నపం. రేపు మీ అమ్మాయో కోడలో పెళ్ళికోసమో, పురిటికోసమో, అత్తగారి పక్షవాతం కోసమో ఒక ఏడాది ఉద్యోగం మానుకుంటే, దాన్ని మీరైనా ఖాళీ అనకండి. పైవాళ్ళు అంటే దెబ్బలాడవచ్చు. మనమే అంటే ఇంకెవరితో దెబ్బలాడతాం? "ఏం చేస్తున్నారండీ" అంటే "ఏం లేదండీ, ఇంట్లోనే" అనే అలవాటు మనదే కదా. దాని ఖరీదే మొన్న మా ఇంట్లో ముప్ఫై వేలు పలికింది.

చిన్ని వెళ్ళేముందు తన రెజ్యూమే కొత్తగా రాసుకుంది. రెండు ఉద్యోగాల మధ్య ఒక వరస చేర్చింది: "2021-22: అమ్మ చికిత్స, సంరక్షణ." నాకు చూపించి, "పిన్నీ, వాక్యం బాగుందా?" అంది.

నా ఇరవై ఏళ్ళ రాతలో దిద్దడానికి ఏమీ దొరకని వాక్యం అదొక్కటే.