మిత్రశోకము - చేతిపని

బంధువును కోల్పోయినవానికి లోకము ఏదో ఒక స్థానమిస్తుంది. తండ్రి పోయిన కొడుకును నలుగురూ వచ్చి పరామర్శిస్తారు. భర్త పోయిన స్త్రీకి మన ధర్మము నాలుగు నెలల పది దినముల ఇద్దత్ నిర్ణయించింది. తక్కిన దగ్గరివారికి మూడు దినములు. మరి స్నేహితుడు పోయినవానికి? అతడు జనాజాకు భుజము పట్టి, మూడు పిడికెళ్ళ మట్టి వేసి, మరునాటి ఉదయము పది గంటలకు తరగతిలో హాజరు పిలవవలసినదే. అతనిని ఎవరూ తప్పు పట్టరు, ఎవరూ పలకరించరు.

గత సంవత్సరము మాకు ఈ అనుభవము కలిగింది. ఉర్దూ శాఖలో మా సహాధ్యాపకులు, తొమ్మిదేండ్ల మిత్రులు, ఒక సాయంకాలము గుండెపోటుతో కన్ను మూశారు. వారి పేరు రాయము. ఈ సంచిక చేతబట్టిన వారందరికీ అది తెలిసినదే.

వారికి పుస్తకములు కుట్టే పని వచ్చు. శనివారము మధ్యాహ్నము గ్రంథాలయము వెనుకనున్న చిన్న గదిలో కూర్చొని చినిగిన పుస్తకములను విప్పి మరల కుట్టేవారు. మేము ప్రక్కన కుర్చీ వేసుకొని కబుర్లు చెప్పేవారము, పని మాత్రము ముట్టేవారము కాము. "పండిత్‌జీ, నోటితోపాటు చేతులు కూడా ఆడించండి" అని వారు నవ్వేవారు. మేమూ నవ్వి ఊరుకొనేవారము.

వారు పోయిన పిమ్మట సంతాప సభ జరిగింది. తీర్మానము మాచేతనే రాయించారు. వారిని గురించి ఒక వ్యాసము కూడా రాయమని సంపాదకవర్గము కోరగా నెల దినములు ప్రయత్నించాము. 1869లో గాలిబ్ మరణించినప్పుడు శిష్యుడైన హాలీ మర్సియా రాసి తన శోకమునకు రూపమిచ్చుకొన్నాడు. మేమూ విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదివినవారమే, విలాప కావ్యములను తరగతిలో సందర్భసహితముగా వివరించేవారమే. కాని మేము రాసిన ప్రతి వాక్యమూ పరీక్షలో విద్యార్థి రాసిన జవాబువలె కనిపించింది. చింపివేశాము.

ఒక శనివారము, అలవాటు కొద్దీ కాబోలు, కాళ్ళు ఆ గదికే నడిచాయి. బల్ల మీద వారు సగము కుట్టి వదలిన సంపుటమున్నది. మన వార్షిక సంచికల పాత ప్రతులవి. మన సంచిక తీరు మీకు తెలుసు గదా: ఎడమనుంచి తెలుగు, కుడినుంచి ఉర్దూ, రెండూ నడుమ కలుస్తాయి. "మీరు అటునుంచి రండి, మేము ఇటునుంచి వస్తాము, దారము దగ్గర కలుద్దాము" అని వారు పరిహాసమాడేవారు. దారముతో సహా దబ్బనము ఆ కాగితములకే గుచ్చి ఉంది. దానిని తీసి పారవేయుటకు మనసొప్పలేదు. అందుకే కుట్టడము మొదలుపెట్టాము.

మొదట అంతా పాడుచేశాము. తడిగుడ్డతో పాత జిగురును నానబెట్టి తీయాలని తెలియక రెండు ఫారములు చింపాము. దారమునకు మైనము రాయకపోతే ముడిపడుతుందని, మరీ బిగించి లాగితే కాగితము కోసుకుపోతుందని, మైదా జిగురులో కొంచెము మైలతుత్తము కలిపితేనే పురుగు పట్టదని గ్రంథాలయ సహాయకుడు ఓపికతో నేర్పాడు. జిగురు పూసిన పుస్తకమును బరువు క్రింద ఉంచి ఒక రాత్రంతా ఆరనివ్వాలి. తొందరపడి తీస్తే అట్ట వంకరపోతుంది. మూడవ వారమునకు, దబ్బనము గుచ్చుకొన్న వ్రేలితో, మేము వారు పోయిన తరువాత మొదటిసారి ఏడ్చాము. నొప్పి కొద్దిపాటిది. కాని ఆ నెపము మాకు చాలినది.

చేతిపని దుఃఖమును మరపిస్తుందని పెద్దలంటారు. మా అభిప్రాయము అది కాదు. మరపు కలిగించుటకు చలనచిత్రములున్నాయి, చేతిలో ఫోనున్నది. పుస్తకము కుట్టే వేళ మేము వారిని మరువలేదు సరికదా, వారి కుట్టు ప్రక్కన మా కుట్టు ఎంత వంకరగా ఉన్నదో చూస్తూ వారితోనే ఉన్నాము. మాటలాడనక్కర లేకుండా చనిపోయినవాని ప్రక్కన కూర్చొనే చోటు మాకు అక్కడ దొరికింది. వేరెక్కడా దొరకలేదు.

ఇది మా ఒక్కరి చాదస్తము కాదనుటకు ఒక నిదర్శనమున్నది. అమెరికాలో ఎయిడ్స్ వ్యాధి ప్రబలిన రోజులలో ఆ వ్యాధితో మరణించినవారిని గురించి మాట్లాడుటకే అనేక కుటుంబములు సిగ్గుపడేవి. స్నేహితులకు అంత్యక్రియలలో తావుండేది కాదు. 1987లో శాన్ ఫ్రాన్సిస్కోలో క్లీవ్ జోన్స్ అనే ఆయన మార్విన్ ఫెల్డ్‌మన్ అనే తన ప్రాణస్నేహితుని పేరిట ఒక గుడ్డ పలకను తయారుచేశాడు. 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. ఇంచుమించు ఒక సమాధి కొలత. ఇతరులూ తమవారికై అట్లే కుట్టి తెచ్చారు. అదే ఏడు అక్టోబరు 11న వాషింగ్టన్ నగరపు మైదానములో పరచేనాటికి 1,920 పలకలైనవి. నేడు అవి సుమారు 50,000. మన ఇండ్లలో అవ్వల పాత చీరలతో బొంతలు కుట్టుకొనేవారికి ఇందులో వింతేమీ కనిపించదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కూలికి చేసేవారు మా మాట విని నవ్వవచ్చు. నర్సాపురం ప్రాంతపు లేసు స్త్రీలను గురించి 1982లో మరియా మీస్ ఒక గ్రంథము ప్రకటించారు. పగలంతా అల్లిక పనిచేసే ఆ స్త్రీలను తీరికవేళ కాలక్షేపము చేసే గృహిణులుగానే లెక్కగట్టి, అతి తక్కువ కూలి ఇచ్చిన వైనము అందులో ఉన్నది. కడుపు కోసము అల్లే చేతిని ఓదార్పు పొందమనుట అన్యాయము. మేము చెప్పేది జీతము వేరే చోట వచ్చే మా వంటివారిని గురించి, ముఖ్యముగా విద్యార్థులను గురించి.

ఎందుకంటే, ఈ ఏడు మరొకరు ఆ గదికి వచ్చారు. మోటారుసైకిలు ప్రమాదములో స్నేహితుని పోగొట్టుకొన్న విద్యార్థి. తరగతులకు రావడము మానేశాడు. ఇంటిలో "నీ అన్నా, తమ్ముడా?" అన్నారట. మేము ఉపదేశమేమీ చేయలేదు. మా ఉపదేశములు తరగతిలో విన్నవాడే. ఫారములు వరుస పెట్టమని ఇచ్చాము. నాలుగు శనివారములు మాటలాడకుండా పెట్టాడు. అయిదవనాడు, "సార్, వాడికి లెక్కలు వచ్చేవి కావు" అన్నాడు. అంతే. ఆ సాయంకాలము మరేమీ అనలేదు.

ఆ గదిని ఖాళీ చేసి కంప్యూటర్లు పెట్టాలని కమిటీవారు ఆలోచిస్తున్నట్లు విన్నాము. కంప్యూటర్లు కావలసినవే, కాదనము. మన పిల్లలకు ఉద్యోగములు వాటివల్లనే రావాలి. కాని మరొక గది చూడవలసినదని, అది వీలుకాకపోతే ఆ బల్లను, బీరువాను వరండాలోనైనా ఉండనివ్వవలసినదని సవినయముగా మనవి చేస్తున్నాము. ఖర్చు ఎక్కువ కాదు: నాలుగు దబ్బనములు, నూలు దారము, మైదా, కొంచెము కాలికో గుడ్డ. గ్రంథాలయములో చినిగిన పుస్తకములకు కొరత లేదు.

మిత్రుల సంపుటము పూర్తయింది. సగము వరకు కుట్టు సూటిగా ఉంటుంది, అక్కడినుంచి మాది. విప్పి సరిగా కుట్టించమని ఒకరు సలహా ఇచ్చారు. మేము అంగీకరించలేదు. తాళపుచెవి ఇప్పటికి మా వద్దనే ఉన్నది. శనివారము మూడు గంటలకు గది తెరుస్తాము.